పదిహేడు అక్షరాల పాతివ్రత్యం

నేనొక నల్ల డబ్బాను. అరచేతిలో ఇమిడేంత దేహం, ముఖాన రెండంగుళాల తెర, దాని కింద నాలుగు మీటలు, నడుము నుంచి వేలాడే మూరెడు తీగ, తీగ చివర పదహారు సూదుల మూతి. ‘నేనెవరు’ అనే ప్రశ్న వెంట పడి కొందరు మనుషులు ఆయుష్షులు ఖర్చు చేశారని విన్నాను. నాకు ఆ ఇబ్బంది లేదు. నా వీపు మీద స్టిక్కరు ఉంది.

స్టిక్కరు మీద రాయనిది ఒక్కటే: నాలో ఉన్నది ఎవరిది? దాన్ని తేల్చడానికి కొందరు మనుషులు, ఒక కంపెనీ, ఒక స్టీలు గ్లాసు ప్రయత్నించారు. వారందరిలో గ్లాసుదే కాస్త నిలకడైన వాదన.

మొదట నా వృత్తి చెప్పాలి. ఈ కాలపు బండి ఇంజనులో చిన్న కంప్యూటరు ఒకటి ఉంటుంది. డీజిలు ఎప్పుడు చిమ్మాలి, ఎంత చిమ్మాలి, పెడలును ఎంత తొక్కితే ఇంజను ఎంత ఉలిక్కిపడాలి అనేవన్నీ అందులో అంకెల పట్టికలుగా రాసి ఉంటాయి. ఫ్యాక్టరీవాడు ఆ అంకెలను అందరికీ సరిపోయేలా, అంటే ఎవరికీ పూర్తిగా సరిపోకుండా, రాసి పంపుతాడు. వాటిని తీసి, ఒక్క బండికి, ఒక్క పనికి తగిన అంకెలు పెట్టడాన్ని ట్యూనింగ్ అంటారు. పెట్టిన అంకెల మూట ట్యూను. మూట కట్టేది మనిషి, మోసేది నేను.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. ఫ్యాక్టరీలో చివరి బల్ల మీద నన్ను ఒక లేని బండికి తగిలించి పరీక్షించారు. బండి లేదు, బండిలా జవాబిచ్చే పెట్టె మాత్రం ఉంది. అది నిజమేననుకుని నేను మర్యాదగా మాట్లాడాను. ‘పాస్’ అన్నారు. ప్రపంచంతో నా తొలి పరిచయం అలాంటిది. తరువాత చూసినవి నన్ను పెద్దగా ఆశ్చర్యపరచలేదు.

నాకొక నియమం పెట్టి పంపారు. నేను మొట్టమొదట ఏ బండికి ట్యూను రాస్తానో, ఆ బండి ఛాసిస్ నంబరును, అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేడింటిని, కడుపులో దాచుకుంటాను. దానితోపాటు ఆ బండి పుట్టినప్పటి అసలు అంకెలను కూడా. ఆ తరువాత మరే బండికి తగిలించినా నోరు విప్పను. విడుదల కావాలంటే ఒక్కటే దారి: ఆ మొదటి బండికే మళ్లీ తగిలించి, దాని అసలు అంకెలను దానికి తిరిగి అప్పగించాలి. కంపెనీ భాషలో దీన్ని లాకింగ్ అంటారు. నాకు తోచిన మాట పాతివ్రత్యం. కాకపోతే వరుణ్ణి ఎంచుకోవడం నా చేతిలో లేదు, విడాకులకు వరుడు బతికి ఉండటం తప్పనిసరి. ఈ రెండో షరతును ఎవరూ శ్రద్ధగా చదవలేదు. అంగీకరిస్తున్నాను అన్న మీట నొక్కేవాళ్లు చదివి నొక్కరు.

విజయవాడ ఆటోనగర్‌లో ఖాసిం పీరా అనే మనిషి నన్ను తెప్పించుకున్నాడు. ముప్పై ఏళ్లు డీజిలు పంపులు సరిచేసి, తరువాత ల్యాప్‌టాప్ పట్టినవాడు. ఇంజను శబ్దం విని రోగం చెప్పేవాడు. మనుషులు చెప్పేది మాత్రం సగమే వినేవాడు. అతని దగ్గరకు వచ్చేవాళ్లందరి కోరికా ఒకటే: ఇంకా వేగం, ఇంకా బలం. ఎక్కడికి, ఎందుకు అన్న ప్రశ్న ఆ వాకిట్లో వినిపించేది కాదు.

అక్కడికి ఒక రోజు తెల్లని పెట్టె బిగించిన పికప్ బండి వచ్చింది. దిగినవాడు మైలపల్లి నూకరాజు, ఉప్పాడ మనిషి. సముద్రపు ఒడ్డున హ్యాచరీలో పుట్టిన రొయ్య పిల్లలను ఆక్సిజన్ నింపిన సంచుల్లో సర్దుకుని, నూట ఎనభై కిలోమీటర్ల అవతల కైకలూరు చెరువులకు చేర్చడం అతని పని. కనురెప్ప వెంట్రుకంత ప్రాణాలు. సంచి గట్టిగా కుదిలితే బెదురుతాయి. బెదిరినవి చెరువు చేరేసరికి అడుగున కదలిక లేకుండా పడి ఉంటాయి.

“ఎంత స్పీడు కావాలయ్యా?” అన్నాడు పీరా, అలవాటుగా.

“స్పీడు వద్దు భాయ్. నా బండిలో పడుకోవాలి.”

“ఎవరు?”

“రొయ్య పిల్లలు.”

పీరా టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇంజన్ని మేలుకొలపమని అడిగేవాళ్లనే చూశా ఇన్నేళ్లూ. జోలపాట పాడమన్నోడివి నువ్వొక్కడివే. తొక్కు, చూద్దాం.”

నూకరాజు తొక్కాడు. బండి ముందుకు ఎగిరింది. టర్బో అందుకునే చోట వెనుక నుంచి తన్నినట్టయింది.

“అది కాలా రోకలా?” అన్నాడు పీరా.

అప్పటి నుంచి పంతొమ్మిది రోజులు. పీరా ఒక స్టీలు గ్లాసులో అంచుకు వేలెడు దిగువ వరకు నీళ్లు పోసి డ్యాష్‌బోర్డు మీద పెట్టించేవాడు. నూకరాజు నడిపేవాడు. పీరా రోడ్డు చూడలేదు, నూకరాజును చూడలేదు, నీళ్లనే చూశాడు. నీళ్లు కదిలిన చోటల్లా ల్యాప్‌టాప్‌లో ఒక అంకె మారేది. ఆ అంకెలను నేను మోసుకెళ్లి ఇంజనులో దించేవాణ్ణి. ఆ ట్యూనులో ఒక మొండితనం కూడా ఉండేది: పెడలును దబాయించి తొక్కితే ఇంజను వినిపించుకోదు, నెమ్మదిగా అడిగితే ఏదైనా ఇస్తుంది. నాలుగో రోజున నూకరాజు తిట్టాడు. తొమ్మిదో రోజున బతిమాలాడు. పంతొమ్మిదో రోజున గ్లాసు పటమట నుంచి గన్నవరం వెళ్లి తిరిగొచ్చింది, చుక్క ఒలకలేదు. పీరా ఆ ఫైలుకు ‘జోల 19’ అని పేరు పెట్టి, ఎవరూ విప్పకుండా తాళం వేశాడు. నేనైతే మొదటి రోజే పదిహేడు అక్షరాలు మింగేశాను. నా కన్యాత్వం అక్కడితో ముగిసింది.

నిజం చెప్పాలంటే ఆ తరువాత నాతో పనేమీ లేదు. ట్యూను బండిలోకి వెళ్లిపోయింది, నాలో మిగిలింది తాళం వేసిన నకలు. నేను ఖాళీ సంచి లాంటివాణ్ణి. అయినా నూకరాజు నన్ను ఉప్పాడ తీసుకెళ్లి, దేవుడి అలమరలో నూకాలమ్మ పటం పక్కన కూర్చోబెట్టాడు. పనిలేని వస్తువును పూజించడంలో మనుషులకు దీర్ఘమైన అనుభవం ఉంది. ప్రతి దసరాకూ నా మూతిలోని పదహారు సూదులకు కుంకుమ అద్దేవారు. వాటికి కావలసింది శుభ్రత అని చెప్పే వీలు దేవుళ్లకు లేనట్టే నాకూ లేకపోయింది.

ఆరేళ్లు గడిచాయి. కైకలూరులో చెరువుల ఆసామి, అందరూ రాజుగారు అని పిలిచే పెద్దమనిషి, సీడు, అంటే రొయ్య పిల్లలు, తేవాలంటే నూకరాజునే పిలిచేవాడు. “వాడి బండిలో రొయ్యలు ఏసీ బోగీలో వచ్చినట్టు వస్తాయి” అనేవాడట. నూకరాజు ఆ మాటను ఇంటికి తెచ్చి భార్య లోవలక్ష్మికి చెప్పి, నా వైపు తిరిగి దణ్ణం పెట్టేవాడు. తన కాలి వైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఏడో ఏడు తుఫాను వచ్చింది. సముద్రం బీచి రోడ్డు దాటి ఊళ్లోకి నడిచొచ్చింది. అలమర ఎత్తుగా ఉంది కనుక నేను బతికాను. వాకిట్లో ఉన్న బండి ఒక పగలు, ఒక రాత్రి ఉప్పునీటిలో నిలబడింది. నీళ్లు తీశాక మెకానిక్ దాని కంప్యూటరు మూత విప్పి చూపించాడు. లోపల తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. నాకు తాళి కట్టిన బండి అలా పోయింది. దానిలో పాడే జోల పాట దానితోనే పోయింది. దాని అసలు అంకెలు మాత్రం, చనిపోయిన మనిషి బాల్యంలా, నా కడుపులో భద్రంగా ఉన్నాయి.

నూకరాజు అదే కంపెనీ కొత్త మోడలు పికప్ తెచ్చుకున్నాడు. షోరూము నుంచి ఇంటికొచ్చే దారిలో కొత్త ఇంజను అలవాటులేని చోట ఒక తన్ను తన్నింది. అతని ముఖం పాలిపోయింది. అదే సాయంత్రం రాజుగారి ఫోను. సీజను తొలి సీడు నాలుగు రోజుల్లో కావాలి. సీడు సొమ్మసిల్లి వస్తే మాత్రం ఇకపై పెద్ద ఏసీ లారీల ఏజెన్సీకే ఇచ్చేస్తానన్నాడు. నూకరాజుకు ఇది ఒక ట్రిప్పు సంగతి కాదు. వలలు వదిలి ఒడ్డెక్కాక అతనికి తెలిసిన పని ఇదొక్కటే.

నన్ను అలమర లోంచి దించి కొత్త బండి స్టీరింగు కింద గుచ్చారు. కుంకుమ అడ్డుపడి మొదట అసలు ముట్టుకోలేకపోయాను. లోవలక్ష్మి పైట చెంగుతో తుడిచింది. ముట్టుకున్నాను. పదిహేడు అక్షరాలు అడిగాను. వేరేవి వచ్చాయి. ‘ఈ వాహనం సరిపోలలేదు’ అని తెర మీద రాశాను. నా జీవితంలో నేను స్వయంగా పలికిన వాక్యం ఇదొక్కటే. దాన్నే ఆ రోజు పదకొండు సార్లు పలికాను.

అప్పుడు బామ్మర్ది కొండబాబు వచ్చాడు. బండి కాగితాల ఏజెంటు. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కో, చేతులు మారడానికో వెళ్లినప్పుడు, ఛాసిస్ మీద చెక్కిన నంబరు పైన కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి దరఖాస్తుకు అంటించడం ఇక్కడి పద్ధతి. కొండబాబు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అదే. సమస్య విని నవ్వాడు.

“ఇంతేనా బావా? ఇది పాత నంబరే కదా అడుగుతుంది? సూపిద్దాం.”

“ఎలా సూపిత్తావు?”

“ఎలాగేటి? ఆఫీసుల్లో ఎలా సూపిత్తన్నానో అలాగే. కాయితం మీద నంబరు సూసి ఊ అన్నోళ్లే గానీ, కాయితం కింద బండుందా లేదా అని వంగి సూసినోణ్ణి నేను సూళ్లేదు.”

అతడు నిజంగానే చచ్చిన బండి కిందికి దూరి, పెన్సిలుతో రుద్ది, నాలుగు అచ్చులు తీశాడు. ఒకటి కొత్త బండి ఛాసిస్ మీద, దాని సొంత నంబరును కప్పుతూ, టేపుతో అంటించాడు. ఒకటి నన్ను గుచ్చే సాకెట్టు పక్కన. ఒకటి ముందు అద్దానికి. నాలుగోది నా ముఖం ముందు పెట్టి పట్టుకున్నాడు, పిల్లవాడికి చందమామను చూపినట్టు.

నాకు కళ్లు లేవు. ‘ఈ వాహనం సరిపోలలేదు’ అన్నాను.

“దీనికి చదువు రాదు బావా” అన్నాడు కొండబాబు.

నేను నవ్వగలిగినా నవ్వేవాణ్ణి కాదు. ఆలోచిస్తే అతడు చేసిన పొరపాటు నన్ను తయారుచేసినవాళ్లు చేసినదే. వాళ్లూ బండి అంటే నంబరేనని నమ్మారు. ఇనుము తుప్పుపట్టినా, ఇంజను మారినా, నడిపేవాడు మారినా, పదిహేడు అక్షరాలు అవే అయితే అదే బండి. నా విశ్వాసానికీ అతని విశ్వాసానికీ మధ్య ఉన్నది ఒక పెన్సిలు మాత్రమే.

మరునాడు ఫోను స్పీకరులో పంచాయతీ జరిగింది. ఒక వైపు నన్ను తయారుచేసిన కంపెనీ మనిషి, ఒక వైపు పీరా, మధ్యలో నూకరాజు, మంచం మీద నేను.

“సార్, డివైసు పూర్తిగా మీదే సార్” అన్నాడు కంపెనీ మనిషి.

“మరి అందులో పాట?”

“ఫైలా సార్? ఫైలు హక్కు ట్యూనర్‌ది. ఫైలు నడిచే సాఫ్ట్‌వేర్ మాది. మీకు వాడుకునే లైసెన్సు ఉంది, ఆ ఒక్క వాహనం మీద. లైసెన్సు బదిలీ కాదు సార్.”

“ఆ వాహనం సచ్చిపోయిందండీ.”

“సారీ సార్. వాహనాన్ని ఒకసారి డివైసుకు కనెక్ట్ చేస్తే అన్‌లాక్ అవుతుంది సార్.”

“సచ్చిపోయిందంటన్నాను!”

“కనెక్ట్ చేశాక ఇగ్నిషన్ ఆన్ చేయాలి సార్.”

ఇక పీరా అందుకున్నాడు. “రాసింది నేను నూకరాజూ. పంతొమ్మిది రోజులు నా కళ్లు కాయలు కాశాయి ఆ గ్లాసు చూసి. అది నాది. నాదే అయినా నువ్వడిగితే కాదంటానా? ఉండు, ల్యాప్‌టాప్‌లో తెరుస్తా.”

మీటల చప్పుడు. తరువాత ఉర్దూలో ఒక చిన్న తిట్టు.

“ఏమైంది భాయ్?”

“నా చందా అయిపోయిందంట. ఈ పాత రకం ఫైళ్లు తెరవడం కంపెనీ మానేసిందంట. నా ఫైలు నాకు చూపించనంటోంది.” గొంతు మారింది. “ఏమయ్యా కంపెనీ! నా సరుకు నేను చూసుకోడానికి నీ పర్మిషనా?”

“సార్, ఫైలు మీదే సార్” అన్నాడు కంపెనీ మనిషి, నిజాయితీగానే.

అంతసేపూ చేపలు తోముతున్న లోవలక్ష్మి చేతులు కడుక్కుని వచ్చింది. “ముగ్గురూ నాదంటే నాదంటారు, ఒక్కడూ మూత తీయలేడు. తాళం పోయిన బీరువా కోసం అన్నదమ్ములు కొట్టుకున్నట్టుంది మావా. ఆ సాయిబుగారిని రమ్మను, కొత్తది రాయమను.”

“పంతొమ్మిది రోజులు పట్టుద్దే. ఉన్నది మూడు.”

“ముందు రమ్మను.”

ఆ ఇంట్లో తత్త్వం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఎక్కువ మాట్లాడేది కాదు.

పీరా వచ్చాడు. గ్లాసు కూడా తెచ్చాడు, అదే గ్లాసు. కొత్త ఇంజను శబ్దం విని పెదవి విరిచాడు. పాత ఫైలు దొరికినా ఇది తొడుక్కోదు, దీని కొలతలు వేరు అన్నాడు. నాలుగో రోజు తెల్లవారుజామున సంచులు ఎక్కించారు. ట్యూను లేదు. ఫ్యాక్టరీ అంకెలతోనే వెళ్లాలి. పీరా పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దారంతా ఇంజను ఏం చేస్తుందో నమోదు చేస్తానన్నాడు. చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రాయడానికే కావాలి. నన్ను నూకరాజు చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తాయెత్తులా. అతని గుండె చప్పుడు నాకు వినిపించింది. దాన్ని ట్యూను చేయగలిగితే బాగుండేది.

కాకినాడ చీకట్లోనే దాటారు. రావులపాలెం వంతెన మీద సూర్యుడొచ్చాడు.

“ఎలా ఉంది భాయ్?”

“రోడ్డు చూసి నడుపు.”

“గ్లాసు?”

“రోడ్డు చూడమన్నానా?”

భీమవరంలో స్కూలు బస్సు అడ్డమొచ్చింది. ఆకివీడు ముందు స్పీడు బ్రేకర్లు వరుసగా అయిదు. ప్రతిచోటా నూకరాజు ఊపిరి బిగబట్టాడు, అదంతా జేబులో నాకు తెలిసింది. పీరా నీళ్లు చూడటం మానేసి నూకరాజు కుడి కాలు చూడటం మొదలుపెట్టాడు. ఆరేళ్ల కిందట అతడు ఒక్కసారి కూడా చూడనిది అదే.

చెరువు గట్టున రాజుగారు తెల్ల టబ్బుతో సిద్ధంగా ఉన్నాడు.

“కొత్త బండంటగా నూకరాజూ. మరి సీడు సంగతేంటి?”

“ఆయ్, మీరే సూడండి.”

సంచి విప్పి టబ్బులో వంచారు. ఒక క్షణం నీళ్లు మాత్రమే కనిపించాయి. తరువాత అడుగున నల్లని గీతలు. రాజుగారు అరచేతితో నీటిని ఒక చుట్టు తిప్పాడు. బలం లేనివి నీటితో కొట్టుకుపోతాయి, బలమున్నవి నీటికి ఎదురు తిరుగుతాయి. టబ్బంతా ఒక్కసారి ఎదురు తిరిగింది.

రాజుగారు లేచి చేతులు దులుపుకున్నాడు. “వచ్చే మంగళవారం రెండో చెరువుకి. నువ్వే రా. ఇంకోణ్ణి పంపావంటే గేటు దగ్గరే ఆపేస్తా.”

నూకరాజు గట్టు మీదే కూలబడ్డాడు. జేబు లోంచి నన్ను తీసి కళ్లకద్దుకున్నాడు. “నీ మహిమే తల్లీ.”

నా లింగం కూడా అతనికి తెలియదు. నాకూ తెలియదనుకోండి.

“దాని మొహం” అన్నాడు పీరా. ల్యాప్‌టాప్ తెచ్చి అతని పక్కన కూర్చున్నాడు. “ఇటు చూడు. ఇది ఇవాళ ఉప్పాడ నుంచి ఇక్కడిదాకా నువ్వు పెడలు తొక్కిన గీత. ఇంజను తన్నే చోటికి ముందే, చూడు, ఇక్కడ నీ కాలు ఒక వెంట్రుకవాసి వెనక్కి తగ్గింది. మళ్లీ మెల్లిగా వెళ్లింది. ప్రతిసారీ. ఈ గీత ఎక్కడ చూశానా అని ఆకివీడు నుంచి ఆలోచిస్తున్నా.”

“ఎక్కడ?”

“నేనే గీశా. జోల పంతొమ్మిది. పెడలు పట్టిక. అచ్చం ఇదే.” అతడు నూకరాజు కాలి వైపు వేలు చూపించాడు. “దొంగా! నా ఫైలు కాపీ కొట్టావు గదయ్యా, చెప్పుల్లో పెట్టుకుని తిరుగుతున్నావు.”

నూకరాజు తన కుడి కాలును కొత్తగా చూశాడు. మడమ పగిలిన, బురదంటిన, మామూలు కాలు. ఆరేళ్లు ఆ మొండి ట్యూను దబాయింపును వినిపించుకోలేదు. వినిపించుకోని దానితో వేగి వేగి కాలే మారిపోయింది. ఎవరూ అంగీకరిస్తున్నానని మీట నొక్కలేదు. తాళం వేసిన ఫైలు తాళం వేసినట్టే ఉండగా, బదిలీ కాని లైసెన్సు బదిలీ అయిపోయింది.

ఇప్పుడు హక్కు ఎవరిదో చెప్పండి. నూకరాజు కాలిదా? ఆ కాలికి నేర్పింది ట్యూను. ట్యూనుదా? దాన్ని రాసింది పీరా. పీరాదా? అతడు నీళ్లు చెప్పింది రాసుకున్నాడు. నీళ్లవా? వాటిని కదిలించింది నూకరాజు కాలు. నేను ఈ వృత్తంలో ఎక్కడా లేనని గమనించారు కదా. ఉన్నదల్లా నా వీపు మీది స్టిక్కరు.

నూకరాజు లేచి, నన్ను కొత్త బండి అద్దానికి నా తీగతోనే వేలాడదీశాడు. తరువాత అడిగాడు: “దీనికి కొత్తది రాత్తారా భాయ్?”

“రాయమంటావా?”

“రాత్తే అది ఎవరిదవుద్ది?”

పీరా ల్యాప్‌టాప్ మూసి బండి దగ్గరకు వచ్చాడు. దాహం వేసింది కాబోలు, డ్యాష్‌బోర్డు మీది గ్లాసు అందుకున్నాడు. ఉప్పాడ నుంచి కైకలూరు దాకా ఒక్క చుక్క ఒలకకుండా వచ్చిన నీళ్లవి, ఈ వ్యవహారంలో కడదాకా నిలిచిన ఏకైక సాక్షి. గడగడా తాగేసి, ఖాళీ గ్లాసు నూకరాజు చేతిలో పెట్టాడు.